మిద్దె మీద మంద

సూర్యాపేట
విరోధి నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ పంచమి

మిర్యాలగూడ రైసుమిల్లు యజమాని, మా అక్క ఆండాళును ఏలుకున్న మహారాజశ్రీ వెంకటనారాయణ బావగారి సముఖానికి, సూర్యాపేటల ఆయన ఇంట్లనే కిరాయి లేకుండ ఉంటున్న బామ్మర్ది రామలింగయ్య ఒక్క చెయ్యి జోడించి రాసుకున్నది. రెండో చేతిల గొడుగున్నది. బయట కాదు, ఇంట్లనే.

మేమంత క్షేమం. ఇల్లు క్షేమంగ లేదు.

బావా, నీ మిద్దె కురుస్తున్నది. మామూలు కురుసుడు కాదు. బయట వాన వెలిసినంక గూడ మన నడిమి అర్రల వెలువదు. బయట ఎండొచ్చిందని మా ఇంటిది, మీ చెల్లె కమలమ్మ బట్టలు ఆరేస్తుంటె లోపట నేను గొడుగు కింద కూసొని అన్నం తింటున్న. మొన్న పొద్దున వడ్ల గుమ్మి పక్కన చెయ్యి పెడితె కొర్రమీను తగిలింది. చేపను ముట్టని ఇల్లు మనది, దాన్నేం జేయాల్నో తెల్వలేదు. ఆడబిడ్డ ఇంటికొచ్చినట్టు పసుపు కుంకుమ పెట్టి పక్కింటోళ్ళ తోటి సాగనంపినం.

సరే, నవ్వులాట పక్కకు పెడ్త. నీ మేనకోడలు, మన స్వరాజ్యలక్ష్మికి ఆశ్వయుజంల నెలలు నిండుతయి. ఇప్పుడు కోదాడల అత్తగారింట్ల ఉన్నది. తొలి కాన్పు, పుట్టింట్ల గాక ఏడ జేస్తం? ముందు అర్ర నా దుకాణం బస్తాలతోటి నిండింది. ఎనుకది వంటిల్లు. పిల్ల పురుడు పోసుకోవడానికి నడిమి అర్ర ఒక్కటే దిక్కు.

మేస్త్రి గౌరయ్యను పిలిపించిన. నిచ్చెనెక్కిండు, దిగిండు, మళ్ళెక్కిండు, ఒక్క మాట గూడ మాట్లాడకుండ బీడీ ముట్టించిండు. మేస్త్రి మాట్లాడకుంటెనే లెక్క పెద్దదని నాకు అప్పుడే అనుమానమైంది. దూలం కొస గోడల మురిగిందట, మార్చాలె. మీది మట్టి తీసి కొత్తది తొక్కి చౌడు పరవాలె. ఉబ్బిన గోడను కొంత విప్పి పెట్టాలె. అంత కలిపి నూట నలభై హాలీ రూపాయలు. దసరా లోపట కావాలె. ఇల్లు నీది, మాట నీది.

నీ పాదాలకు మొక్కెటోడు, అవి పొడిగ ఉన్నయని కుళ్ళుకునెటోడు,
రామలింగం


మిర్యాలగూడ
శ్రావణ శుద్ధ ద్వాదశి

చిరంజీవి రామలింగయ్యను వెంకటనారాయణ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. మీ అక్క చదివి వినిపించింది. మధ్యలో నవ్వు ఆపుకోలేక లేచిపోయి మంచినీళ్ళు తాగివచ్చింది. నాకు నవ్వు రాలేదు.

సర్కారు మీసం పొడుగును బట్టి పన్ను వేస్తున్నదని, కోదాడ నాకా దగ్గర కట్టె పెట్టి కొలుస్తున్నారని లోగడ నీవు చెప్పినావు. నేను మంగలిని ఇంటికి పిలిపించుకొని మొత్తం తీయించుకొన్నాను. మరునాడు దామరచర్లకు వడ్ల బేరానికి పోతే అక్కడ ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు. కొత్తవాడికి చెప్పే ధర చెప్పినారు. అప్పటినుండి నీవు చెప్పే ప్రతి మాటనూ కాటాలో పెట్టి చూస్తున్నాను. కొర్రమీను అబద్ధము. కొర్రమీను ఉన్న ఉత్తరములోనే దూలము కూడా ఉన్నది. బస్తాలో ఒక్క రాయి కనబడినా నేను బస్తా మొత్తం జల్లించేవాడిని.

ఇక ఖర్చు సంగతి. నాకు అర్థం కాలేదు. వాన నీళ్ళు ఊరికే పడును. మట్టి పెరట్లో ఊరికే ఉన్నది. ఊరికే వచ్చిన నీళ్ళు ఊరికే ఉన్న మట్టిని తడిపితే మధ్యలో నూట నలభై రూపాయలు ఎక్కడ పుట్టినవి? నీళ్ళు పడిన చోట గుడ్డ పెట్టి తుడిస్తే పోదా? విడమరచి వ్రాయుము. అర్థమైతే ఇచ్చెదను. అర్థం కానిదానికి మా నాయన తద్దినంలో పురోహితునికి కూడా నేను పైసా ఇచ్చినవాడిని కాను.

స్వరాజ్యలక్ష్మిని మీ అక్క మరీ మరీ అడిగింది. పుల్లనివి తినుచున్నదా?

ఇట్లు,
వెంకటనారాయణ


సూర్యాపేట
శ్రావణ బహుళ తదియ

కాటా పట్టుకొని కూసున్న బావకు, అందుల కూసున్న బామ్మర్ది దండాలు.

చేప అబద్ధం. ఒప్పుకున్న. ఇగ ఈ ఉత్తరంల రాళ్ళు లేవు, జల్లించుకో.

నీళ్ళు ఊరికె వస్తయన్నవు. నిజమే. అల్లుడు గూడ ఊరికెనే వస్తడు, ఖర్చంత వచ్చినంకనే. కింద పడ్డ నీళ్ళను గుడ్డ పెట్టి తుడవచ్చు, దానికి పైస అక్కరలేదు. పైసలన్ని కంటికి కనపడకుండ పోయిన నీళ్ళకు. మిద్దె మట్టి పగిలింది. పగుల్లకెల్లి దిగిన నీళ్ళు తిన్నగ కింద పడవు. వాసాలెంబడి నడుచుకుంట పోయి దూలం కొసకాడ గోడల దూరి కూసుంటయి. మట్టి గోడ, తాగినంత తాగుతది, ఉబ్బుతది. దూలం ఆ తడి గోడల ఇరుక్కొని మురుగుతది. గౌరయ్య దాంట్ల వేలు పెడితె నానిన అటుకుల్ల పెట్టినట్టు లోపటికి పోయింది. ఆ కొస మార్చాలంటె దూలం దించాలె. దూలం దించాలంటె దాని మీది బరువు తీయాలె. బరువంటె మిద్దె మట్టి అంత. తీసింది మళ్ళ ఎయ్యాలె. జానెడు కట్టె మురిగితె ఇల్లంత విప్పుడు, గదీ లెక్క. పెరట్ల మట్టి పనికిరాదు, అది ఎండకు పగులుతది. నీళ్ళు పట్టని చౌడు ఊరవతలకెల్లి బండ్ల మీద రావాలె. దాన్ని తొక్కడానికి కూలీలు కావాలె.

ఇగ అసలు సంగతి. కోదాడకెల్లి వియ్యపురాలు నాంచారమ్మగారు కబురు పంపింది. ఆమె మాట ఆమె నోటితోనే రాస్తున్న: "మీ ఇల్లు కారుతోందని విన్నాం. తడి గదిలో బాలింతను ఎలా పడుకోబెడతారండీ? దసరాకి గది ఆరకపోతే మా కోడలు మా దగ్గరే ఉంటుంది. మాకేం బరువు కాదు." ఆ బరువు కాదన్న మాటే బావా, దూలం కంటె ముందు నా నెత్తిన పడ్డది. తొలి కాన్పు అత్తగారింట్ల అయితె నేను బజార్ల ఏ మొహం పెట్టుకొని తిరగాలె? ఇన్నేండ్లు ఊరందర్ని నేను అన్న. ఇగ ఊరంత నన్నంటది. నన్నంటె పోనీ. పిల్ల అమ్మ పక్కన లేకుండ కనాలె.

ఇంత చెప్పినా కూలీల ఖర్చు నీకు బరువైతె ఇంకో ఉపాయమున్నది. పంట కోసినంక ఎరువు కోసం చేన్ల గొర్రెల మంద పెట్టిస్తవు గద, ఆ మందనే తెచ్చి మిద్దె మీద పెట్టించు. తొక్కుడు గొర్రెలదే, ఎరువు గొర్రెలదే. వచ్చే ఏడు మిద్దె మీద జొన్న ఎయ్యి. కోతకు నేను నిచ్చెన పడ్త.

తడిసిన కాయితం మీద కోపంగ,
రామలింగం


మిర్యాలగూడ
శ్రావణ బహుళ ద్వాదశి

చిరంజీవి రామలింగయ్యకు,

నీ రెండవ ఉత్తరం మూడు పూటలు చదివినాను. నీ ఉత్తరాలు చదువుటకు నేను ఒక పద్ధతి ఏర్పరచుకొన్నాను. నీవు ఏడ్చిన చోట నవ్వవలెను. నీవు నవ్వులాటగా వ్రాసిన చోట నిజమున్నదని గ్రహించవలెను. ఎందుకనగా నీవు నిజమును ఎప్పుడూ ఉత్తరం కొసకు, నేను చూడనట్టు పెట్టుదువు. వాసాల వెంబడి నీళ్ళు నడుచుకుంటూ పోవునని వ్రాసినావు. నీళ్ళకు కాళ్ళు లేవు. ఆ భాగమంతా కట్టుకథ.

గొర్రెల మాట మాత్రం నిజము. మా బండి తోలే కాశీరాంను అడిగినాను. చెరువు కట్ట మీద గొర్రెలు నడిచిన చోట గడ్డపార దిగదని అతడు చెప్పినాడు. నూట నలభై రూపాయలు నా చేత ఖర్చు పెట్టించబోయి, ఇంత చవుక ఉపాయమును కొసకు నొక్కిపెట్టిన నీ తెలివిని మీ అక్క దగ్గర మెచ్చుకొన్నాను. ఆమె తల పట్టుకొన్నది. తలనొప్పి అనుకొని శొంఠి అరగదీయించినాను.

మన పెన్‌పహాడ్ చేనుకు ఏటా మంద పెట్టే మంగయ్యతో మాట్లాడినాను. చేనుకు ఇచ్చే గింజలే ఇత్తును. ఈ ఉత్తరం కంటే ముందే అతడు నీ దగ్గరకు చేరవచ్చును. పూటకింత గంజి పోయుము.

ఇట్లు,
వెంకటనారాయణ


సూర్యాపేట
భాద్రపద శుద్ధ అష్టమి

బావా,

చేరిండు.

చవితి నాడు వినాయకునికి పత్రి తెచ్చి అరుగు మీద పెట్టి, కాళ్ళు కడుక్కొని వచ్చెసరికి పత్రి లేదు. తలకాయెత్తి చూస్తె బజారు నిండ గొర్రెలు. మధ్యల మంగయ్య గొంగడి కప్పుకొని నిలబడి, "షావుకారీ, మెట్లు ఎటుదిక్కు?" అన్నడు.

"మంగయ్యా, ఇది చేను కాదయ్యా, ఇల్లు" అన్న.

"నాకెరికెనే. సేటు మిద్దె అన్నడు, నేను మిద్దె అన్న. చేనైతేంది, మిద్దైతేంది, గొర్రెకు కాలు పెట్టె జాగుంటె సాలు."

"కురుస్తున్నదయ్యా మిద్దె."

"కురిస్తె కింద కురుస్తది. మేము మీదుంటం గద."

దీనికి జవాబు చెప్పెటోడు సూర్యాపేటల ఉంటె పట్టుకరా, నేను శిష్యరికం చేస్త. బయటి మెట్ల మీద ముందు పొట్టేలు ఎక్కింది. దాని ఎంబడి మందంత ఎక్కింది. ఆఖరుకు పక్కింటి మేక గూడ ఎక్కింది, దాన్ని ఎవ్వరు పిలువలేదు. రోజు పొద్దుగాల దిగి మేతకు పోతయి, పొద్దుగూకంగ ఇంటికొచ్చిన చుట్టాల లెక్క మళ్ళ ఎక్కుతయి.

నిన్న మిలిటరీ క్యాంపు జమేదారు అటు పోతుంటె పిట్టగోడ మీద తలకాయలు కనపడ్డయట. మనుషులు నక్కిన్రని ఇల్లు చుట్టుముట్టిచ్చి, "నీచే ఆవ్, హాథ్ ఊపర్" అని గర్జించిండు. మంగయ్య చేతులెత్తిండు. పొట్టేలు ఎత్తలేదు. జమేదారే మీదికెక్కి, ఒక్కొక్కదాని మొహంల మొహం పెట్టి చూసి, దిగొచ్చి, ఇవి మీద ఎందుకున్నయని నన్నడిగిండు. మా బావనడుగుండ్రి అన్న. నీ పేరు రాసుకున్నడు. మిర్యాలగూడకొస్తె జర చాయ్ పోయి.

ఇగ మిద్దె సంగతి. ఒక గొర్రె ఏడ నిలబడితె అన్ని ఆడనే నిలబడ్తయి. ఈ మందకు వేపచెట్టు నీడున్న మూల నచ్చింది. ఆ మూల తొక్కి తొక్కి ఇనుము చేసినయి. మిగిలిన మిద్దె వాటి రాకపోకలకు గుల్లయి కుంగింది. ఇప్పుడు మిద్దె మీద పడ్డ ప్రతి చుక్క ఆ గట్టి మూలకెల్లి జారి, పల్లమున్న నడిమి అర్ర మీదికే వస్తున్నది. ఇదివరకు ఉట్టి నీళ్ళు కురిసేటివి. ఇప్పుడు నీళ్ళతోటి ఏం కురుస్తున్నదో ఆడపిల్ల తండ్రిని, నా చేత్తోటి రాయను.

మంగయ్యకు ఒక్క కార్డు ముక్క రాసి దింపించు. మీ చెల్లె మూడు రోజులకెల్లి నాతోటి మాట్లాడ్తలేదు. ఆమె మాట్లాడకుంటె మేస్త్రి మాట్లాడకున్నట్టే, లెక్క పెద్దది.

గొర్రెల కింద బతుకుతున్న,
రామలింగం


మిర్యాలగూడ
భాద్రపద శుద్ధ ద్వాదశి

చిరంజీవి రామలింగయ్యకు,

నీ ఉత్తరం నిండా ఏడుపే ఉన్నది. పద్ధతి ప్రకారం చదివి చాలా సంతోషించినాను. పని బాగా సాగుచున్నదని తెలిసింది. జమేదారు కథ మీసం పన్ను కథకు తోబుట్టువు. గొర్రెలను ఎవరైనా చేతులెత్తుమందురా?

మూల గట్టిపడినదని నీవే ఒప్పుకొన్నావు. ఒక మూల గట్టిపడినప్పుడు కాలం గడిస్తే మిగిలిన మూలలు కూడా గట్టిపడును. కనుక మంగయ్యను దసరా దాకా ఉండుమని కబురు చేసినాను.

ఒక సంగతి స్పష్టం చేయవలెను. మిద్దె మీద పడిన ఎరువు ఇంటి యజమానికి చెందును, ఇంట్లో ఉండేవానికి కాదు. కాశీరాం బండి తీసుకొని వచ్చును. ఊడ్చి పెట్టించుము. అర్రలోకి దిగినది కూడా నాదే.

మీ అక్క నీకు ఏదో వ్రాయవలెనని కాయితం అడిగింది. స్థలం చాలనందున నేనే ఆశీస్సులు వ్రాయుచున్నాను.

ఇట్లు,
వెంకటనారాయణ


సూర్యాపేట
భాద్రపద బహుళ పాడ్యమి

పూజ్యులు, బుద్ధిమంతులు, ముందుచూపున్నవారు అయిన బావగారికి బామ్మర్ది నమస్కారాలు.

మీ పుణ్యమాని మిద్దె బండరాయి అయింది. నిన్న కుండపోత వాన పడ్డది, నడిమి అర్రల ఒక్క చుక్క లేదు. దాహమై నీళ్ళు కావాలన్నా ఆ అర్రల దొరకలేదు. గోడ ఉబ్బు తనంతట తనే దిగిపోయింది. మురిగిన దూలం మళ్ళ చిగురేసి కట్టె అయింది. మేస్త్రి గౌరయ్య వచ్చి చూసి, సిగ్గుతోటి తాపీ పారేసి, గొర్రెలు కాసుకుంటనని మంగయ్య కాడ పనికి కుదిరిండు.

నూట నలభై మాట మరిచిపో. పైస పంపకు. నువ్వు అసలే రాకు, వచ్చి చూసేదేం లేదు. అక్కను అసలే తోలకు. కోదాడోళ్ళకు ఎవ్వరేమి చెప్పే అవసరం లేదు. మేమంత ఆనందంగ ఉన్నం.

ఈ ఉత్తరం నీ పద్ధతి ప్రకారమే చదువుకో బావా. మరిచిపోకు.

మీ విధేయుడు,
రామలింగయ్య


మిర్యాలగూడ
భాద్రపద బహుళ నవమి

చిరంజీవి రామలింగయ్యను మనసారా ఆశీర్వదించి వ్రాయునది.

నాయనా, నీవు బాగుపడినావు. ఈ ఉత్తరం చదివి నా కండ్లు చెమర్చినవి.

పద్ధతి ప్రకారం చదువుమని నీవు హెచ్చరించినావు. చాలా సేపు ఆలోచించినాను. పద్ధతి ప్రకారం నీ ప్రతి మాటనూ తిరగవేయవలెను. పద్ధతి ప్రకారం చదువుమన్నది కూడా నీ మాటే. దానిని తిరగవేస్తే, పద్ధతి లేకుండా చదువవలెనని తేలింది. అట్లు చదివితే మిద్దె బండరాయి. అదీగాక గింజలకు వచ్చిన మంగయ్య తల మీద చెయ్యి పెట్టుకొని, తన గొర్రెలు నిలబడిన చోట మిద్దె ఇనుము వలె ఉన్నదని ప్రమాణం చేసినాడు. నీ రాతా, అతని నోరూ కలిసినవి. ఇక నాకు సందేహమేమి?

కనుక కోదాడ నాంచారమ్మగారికి నేనే స్వయంగా వ్రాసినాను. గది పొడిగా ఉన్నదని, పూచీ నాదని, అమావాస్య వెళ్ళగానే అమ్మాయిని తీసుకొని వచ్చి కండ్లారా చూసుకొమ్మని. ఆమె ఒప్పుకొన్నది. ఇంటి యజమానే పూచీ పడిన తరువాత మాట్లాడుటకేమున్నదని వ్రాసింది.

దూలం చిగురువేసిన సంగతి మాత్రం నాకు కొంచెం ఎక్కువ అనిపించింది. ఆనందంలో వ్రాసినావని సరిపెట్టుకొన్నాను.

ఇట్లు,
వెంకటనారాయణ


సూర్యాపేట
ఆశ్వయుజ శుద్ధ తదియ

అక్కా, బావా, ఇద్దరికి.

నాంచారమ్మగారు, స్వరాజ్యం నిన్న పొద్దున బస్సుల దిగిన్రు. నేను ఆపెటందుకు కోదాడకు మనిషిని పంపిన. వాడు పోయెసరికి వీళ్ళు ఇక్కడికొచ్చిన్రు.

నడిమి అర్రల మంచం వాల్చి ఉన్నది. వియ్యపురాలు గోడకు చెయ్యానించింది. చెయ్యి గోడలకు పోయింది. అప్పుడే మీద, ఇంక మేతకు దిగని గొర్రెలు బెదిరి పరుగు పెట్టినయి. దూలం కొస విరిగింది. మట్టి, వాసాలు, పొట్టేలు, అన్ని మంచం మీద పడ్డయి. స్వరాజ్యం గడపవతలున్నది. ఆమెకేం కాలేదు. ఎవ్వరికేం కాలేదు. పొట్టేలు లేచి బయటికి నడిచింది.

నాంచారమ్మగారు, "పద అమ్మా, సాయంత్రం బస్సుకి పోదాం" అన్నది. స్వరాజ్యం గడప మీద కూసున్నది. "నేను రాను అత్తమ్మా. అమ్మ కాడనే కంట. మీద ఆకాశం ఉన్నా సరే" అన్నది. ఎంత చెప్పినా లేవలేదు. ఆఖరుకు ఆమె దసరా దాక గడువిచ్చి, తనూ ఇక్కడనే అరుగు మీద కూసున్నది. అప్పటికి కొత్త కప్పు ఏస్తె ఉంచుతది. ఎయ్యకపోతె ఏకాదశి నాడు తీసుకపోతది.

పోయిన ఉత్తరం ఉల్టా రాసిన. మీరు ఉరుకొస్తరనుకున్న. ఇది ఉల్టా కాదు. గౌరయ్య ఉన్నడు, కూలీలున్నరు. ఊరంత తిరిగినా దూలం దొరకలేదు.

రామలింగం


మిర్యాలగూడ
ఆశ్వయుజ శుద్ధ సప్తమి

చిరంజీవి రామలింగయ్యకు,

ఈసారి నేను కాటా తీయలేదు. మీ అక్క చదివి, మడిచి, నా చేతికిచ్చింది. ఇది నిజమని ఎట్లా తెలిసిందని అడిగినాను. "వాడు పరాచికానికి రాస్తె మూడు పుటలు రాస్తడు. ఇది అర పుట" అన్నది. ఇంత సులువైన పద్ధతి ఉన్నదని ఆమె ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో అడిగినాను. "మీరు నన్ను అడిగిన్రా?" అన్నది.

టేకు దూలం ఇక్కడ కూడా దొరకలేదు. అడవి నుండి కట్టె దిగుట లేదు. దుకాణాలు ఖాళీ. మీ అక్క మా పడకటింటి కప్పు వైపు చూసి ఊరుకొన్నది. నేను అటు చూసినాను. రెండిండ్లూ మా నాయన ఒక్క కొలతకు కట్టించినాడు.

మా దూలమే దించి పంపుచున్నాను. కాశీరాం బండిలో బయలుదేరినాడు. మూసీ తగ్గింది, రేవు దాటించుటకు మనుషులను మాట్లాడినాను. గౌరయ్యకు ఇవ్వవలసినది కాశీరాం దగ్గర మూటలో ఉన్నది. లెక్క అడగను. మంగయ్యకు మంద దింపుమని చెప్పుము. గింజలు దసరా దాకా ఇత్తును, మాట ఇచ్చినాను గనుక.

నిన్నటి నుండి ఇక్కడ వాన. దూలం లేని కప్పుకు గుంజలు ఆనించినాము, నీళ్ళు ఆగలేదు. మంచం ఈ మూల నుండి ఆ మూలకు జరిపినాను. చుక్క నాతో పాటే జరిగింది. గుడ్డ పెట్టి తుడిచినాను. తుడిచిన చోటు తప్ప అన్ని చోట్లా తడి ఉన్నది. పొద్దున గోడ మీద చూస్తే నీళ్ళు వాసం వెంబడి నెమ్మదిగా, తీరికగా నడుచుకుంటూ పోవుచున్నవి. వాటి వెంట గోడ దాకా నేనూ నడిచినాను. అక్కడ అవి లోపలికి పోయినవి. నేను బయట నిలబడినాను.

అర్థమైంది.

ఈ ఉత్తరం మీద సిరా అలుకుకొన్నచోట చదువుకొనలేకపోతే మీ అక్క ఆశీస్సులని అనుకొనుము. అక్కడ ఆమెయే వ్రాసింది.

ఇట్లు,
వెంకటనారాయణ


సూర్యాపేట
కార్తీక శుద్ధ విదియ

బావా, అక్కా,

నిజం రాస్తున్న, కాని ఇయ్యాల సంతోషం ఎక్కువున్నది, అర పుటల పట్టదు. అక్క మన్నించాలె.

మీ దూలం నవమి నాడు చేరింది. పండుగని గౌరయ్య పని ఆపుతనన్నడు. నాంచారమ్మగారు అరుగు మీదికెల్లి లేచి, "పండగ రేపు చేసుకుందురు గాని, ముందు కప్పు కానివ్వండి" అని చీర చెంగు బిగించి మట్టి తట్టందుకున్నది. వియ్యపురాలు తట్ట మోస్తుంటె మేస్త్రికేం ఉన్నది అనడానికి? నేను నిచ్చెన పట్టిన. మీ చెల్లె కమలమ్మ నీళ్ళు పోసింది. చౌడు పరిచి కూలీలు మనుషుల కాళ్ళతోనే తొక్కిన్రు. దశమి పొద్దుగూకెసరికి ఇంటికి కప్పు పడ్డది. ఏకాదశికి వాన పడ్డది. మేమంత అర్ర మధ్యల మీదికి చూసుకుంట నిలబడ్డం. మెడలు నొచ్చినయి గని ఒక్క చుక్క పడలేదు. నాంచారమ్మగారు గోడకు మళ్ళ చెయ్యి ఆనించింది. చెయ్యి బయటనే ఉన్నది. ఆమె ఒక్కతే కోదాడ బస్సెక్కింది.

బహుళ ఏకాదశి నాడు పొద్దున స్వరాజ్యం సుఖంగ కన్నది. ఆడపిల్ల. తల్లీపిల్లా క్షేమం. మంత్రసాని బయటికొచ్చి చెప్పెదాక నేను అరుగు మీద కూసొని ఒక్క మాట మాట్లాడలేదు. బజారోళ్ళు నాకేమో రోగమొచ్చిందనుకొని, ఇద్దరు ముగ్గురు వచ్చి నాడి పట్టుకొని చూసిన్రు.

గౌరయ్య రేపు మిర్యాలగూడ బండెక్కుతున్నడు, మీ కప్పు చూసెటందుకు. ఆ పని అయ్యెదాక మీరు అక్కను తీసుకొని ఇక్కడికే రాండ్రి. పిల్లను చూసినట్టుంటది, ఇల్లు ఆరినట్టుంటది. ఇయ్యాల పురుడు చేసినం. స్వరాజ్యానికి మేనత్త మా అక్క గద, పేరు ఆమె వస్తెనే పెడ్తం. అప్పటిదాక దాన్ని ఇగో, అగో అని పిలుస్తున్నం. పలుకుతున్నది.

ఇంకొక సంగతి బావా, నీకు చెప్పక తప్పదు. నడిమి అర్ర మళ్ళ తడుస్తున్నది. మీదికెల్లి కాదు. నీ మనవరాలు పొద్దున్నుంచి పొద్దుగూకెదాక మంచం, బొంత, నా ధోవతి, మొన్న చూడవచ్చిన పక్కింటాయన కండువ, ఒక్కటి వదులుతలేదు. గౌరయ్యకు చూపించిన. ఆయన చూసిండు, మళ్ళ చూసిండు, ఏం మాట్లాడకుండ బీడీ ముట్టించిండు. దీని మరమ్మతుకు ఎంతయితదో నాకు అర్థమైతలేదు. నువ్వే వచ్చి, ఎత్తుకొని, విడమరిచి చెప్పు.

మనవరాలిని ఒళ్ళ పెట్టుకొని తడిసి రాస్తున్న,
నీ బామ్మర్ది
రామలింగం